చక్రం, ఇనుము లేని మాయా, ఇన్కాలను గొప్ప నాగరికతలని ఎందుకంటారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పోటీ పరీక్షలకు ప్రపంచ చరిత్ర చదువుతున్నారు. యూరప్ వాళ్ళు రాకముందు అమెరికా ఖండాల్లో బండి లేదు, ఇనుము లేదు, నాగలికి కట్టే పశువు లేదు, చాలామందికి లిపి లేదు. అయినా మెక్సికో వైపు మాయా, ఆజ్టెక్‌లను, పెరూ వైపు ఇన్కాలను ఈజిప్టు, మెసొపొటేమియాల సరసన కూర్చోబెడతారు. కేవలం రాతి కట్టడాలు చూసేనా? మన మయాసురుడికీ మాయా వాళ్ళకీ సంబంధం ఉందన్న మాట నిజమేనా? అంత గొప్పవాళ్ళయితే గుప్పెడు మంది స్పానిష్ సైనికుల చేతిలో ఎలా ఓడిపోయారు?

సూటిగా చెప్తాను. ఆ ఖండాల ఆదివాసులు సాధించిన వాటిలో అన్నిటికన్నా పెద్దది వ్యవసాయం. అడవి మొక్కల్లోంచి కొత్త పంటలు పుట్టించారు. వాటికి తగ్గట్టు నేలనీ నీళ్ళనీ మలిచారు. పండినదాంట్లో విషం ఉంటే తీసేసి, పోషకం అందేలా చేసి, ఏళ్ళ తరబడి నిలవ ఉంచారు. గుళ్ళూ గోపురాలూ, పంచాంగాలూ, రాజ్యాలూ అన్నీ ఆ తిండి మీద లేచినవే. మయాసురుడితో సంబంధం లేదు, దానికి సాక్ష్యం కూడా పంటల్లోనే దొరుకుతుంది. ఓటమికి ప్రధాన కారణాలు రోగాలు, అంతర్యుద్ధాలు, స్థానిక శత్రుత్వాలు.

నేను చరిత్రకారుణ్ణి కాను. మొక్కల ప్రజననం నా వృత్తి. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం మొక్కజొన్నతో, కొన్నేళ్ళు వేరుశనగతో గడిపి రిటైరయ్యాను. అందుకే నా జవాబు పొలం వైపు నుంచి మొదలవుతుంది. చరిత్ర పుస్తకాల్లో ఈ వైపు చాలా తక్కువగా రాస్తారు, అది నాకు ఎప్పుడూ బాధే.

మొక్కజొన్న అనేది మనిషి తయారుచేసిన మొక్క. దాని అడవి పూర్వీకురాలు టియోసింటే అనే గడ్డి. నైరుతి మెక్సికోలోని బాల్సాస్ నది లోయలో ఇప్పటికీ దానంతటది మొలుస్తుంది. మా పరిశోధన క్షేత్రంలో ఒక మడిలో దాన్ని పెంచి, పీజీ విద్యార్థులను తీసుకెళ్ళి ఇదేమిటో చెప్పమంటే మొక్కజొన్న పేరు ఒక్కరి నోటా రాలేదు. రాకపోవడం సహజం. ఒక్క కాండం బదులు పొద లాగా పిలకలు. పొత్తు అనేదే ఉండదు. చిన్న కంకిలో 5 నుంచి 12 గింజలు, ప్రతి గింజ మీదా గట్టి పెంకు. పండగానే గింజలు విడిపోయి నేల మీద రాలిపోతాయి. వాటిని ఏరుకుని తినాలని ఎవరికైనా ఎందుకు అనిపించిందా అని ఆశ్చర్యం కలుగుతుంది.

ఈ రెండూ ఒకే జాతి అంటే శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం నమ్మలేదు. 1958లో నోబెల్ అందుకున్న జన్యు శాస్త్రవేత్త జార్జ్ బీడిల్ మాత్రం మొక్కజొన్నకు తల్లి టియోసింటేనే అని 1930ల నుంచీ వాదించాడు. పదవీ విరమణ తర్వాత మళ్ళీ ఆ పని చేపట్టి, రెంటినీ సంకరం చేసి, రెండో తరంలో 50 వేల మొక్కలు పెంచాడు. వాటిలో సుమారు 500కి ఒకటి అచ్చం టియోసింటే లాగా, మరొకటి అచ్చం మొక్కజొన్న లాగా వచ్చాయి. ఆ నిష్పత్తి చూస్తే పెద్ద తేడాలన్నీ నాలుగైదు జన్యు ప్రాంతాల చేతిలోనే ఉన్నాయని తేలుతుంది. తర్వాత వాటిని ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. పిలకలను తగ్గించి ఒకే కాండాన్ని నిలబెట్టేది ఒకటి, గింజను పెంకులోంచి బయటపడేసేది మరొకటి. కాండానికి సంబంధించిన మార్పు టియోసింటేలో అక్కడక్కడా ముందునుంచే ఉంది. కోట్ల మొక్కల్లో అలాంటివాటిని కనిపెట్టి, వాటి విత్తనాన్ని దాచి మళ్ళీ వేసినవాళ్ళు ఆ లోయ మనుషులు. ఈ పని మొదలై దాదాపు 9 వేల ఏళ్ళయింది. అదే లోయలో ఒక రాతి గుహలో దొరికిన నూరుడు రాళ్ళకు అంటుకున్న మొక్కజొన్న పిండి కణాల వయసు సుమారు 8,700 ఏళ్ళు. దక్షిణ మెక్సికోలోని ఓహాకా ప్రాంతంలో, గిలా నకిట్జ్ గుహలో దొరికిన, వేలెడు పొడవు కూడా లేని కండెల వయసు 6,200 ఏళ్ళ పైమాటే.

ఇది ఎంత కష్టమో మొక్కజొన్న పండించిన రైతుకు వెంటనే అర్థమవుతుంది. ఇది పరపరాగ సంపర్కం జరిగే పంట. జల్లులోంచి, అంటే మొక్క కొస మీది మగ పూతలోంచి, పుప్పొడి గాలికి లేచి ఎక్కడెక్కడో పడుతుంది. మేం లైన్లు, అంటే గుణాలు మారకుండా నిలిపే విత్తన వంశాలు, కాపాడాలంటే పొత్తుకూ జల్లుకూ కవర్లు కట్టాలి, చేతితో పుప్పొడి చల్లాలి. కరీంనగర్ వైపు విత్తనోత్పత్తి చేసే రైతులు ఫిమేల్ లైనులో ఒక్క జల్లు మిగిలినా టెన్షన్ పడతారు. పక్క పొలానికీ దీనికీ మధ్య వందల మీటర్ల దూరం ఉండాలి. కవర్లు, రికార్డు పుస్తకాలు, జన్యుశాస్త్రం ఏవీ లేని రోజుల్లో మంచి పొత్తు ఏరి దాచితే తల్లి ఎవరో తెలుస్తుంది గానీ తండ్రి ఎవరో తెలీదు. అంటే ఎంపికలో సగం చేతిలో లేనట్టే. పైగా చేను గట్టు మీద అడవి టియోసింటే ఉండనే ఉంది, దాని పుప్పొడీ వచ్చి కలుస్తుంది. ఇన్ని అడ్డంకుల మధ్య తరం తర్వాత తరం పట్టు వదలకుండా ఎంచుకుంటూ పోయారు. కొలంబస్ వచ్చేనాటికే పేలాల రకం, పిండి రకం, గట్టి గింజ రకం, నొక్కు గింజ రకం, తీపి రకం అన్నీ ఉన్నాయి. మెక్సికో ఎడారి అంచు నుంచి టిటికాకా సరస్సు పక్కన 3,800 మీటర్ల ఎత్తు వరకూ, కెనడా చలి వరకూ తట్టుకునే రకాలున్నాయి. మేం ఆ తర్వాత చేసిందంతా వాళ్ళు పేర్చి పెట్టిన సామగ్రిని అటూ ఇటూ కలపడమే. శిక్షణ కోసం మెక్సికో వెళ్ళినప్పుడు అక్కడి అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ కేంద్రం విత్తన నిధిని చూశాను. 28 వేలకు పైగా మొక్కజొన్న నమూనాలు, వాటిలో అత్యధికం ఆదివాసీ రైతుల పొలాల్లోంచి వచ్చినవే. 1961లో మన దేశంలో విడుదలైన తొలి హైబ్రిడ్లలో హైదరాబాద్ నుంచి వచ్చిన 'దక్కన్' ఒకటి. దాని వంశవృక్షం తవ్వినా, నేటి డీహెచ్ఎం హైబ్రిడ్ మొక్కజొన్న రకాలది తవ్వినా చివరికి చేరేది ఆ పొలాలకే.

పండించడంతో కథ అయిపోలేదు. వాళ్ళు మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. కనీసం 3 వేల ఏళ్ళ నుంచి ఈ పద్ధతి ఉంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా అది ఒంటికి పట్టని బంధంలో ఉంటుంది. సున్నం ఆ బంధాన్ని తెంపుతుంది, కాల్షియం కూడా చేరుతుంది. యూరప్ వాళ్ళు గింజను పట్టుకెళ్ళారు గానీ వండే పద్ధతిని పట్టించుకోలేదు. ఫలితం పెల్లాగ్రా జబ్బు. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతిభ్రమణ, చివరికి చావు. ఉత్తర ఇటలీ, స్పెయిన్ పేదలు తరాల తరబడి దీనితో బాధపడ్డారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 20వ శతాబ్దం మొదటి సగంలో సుమారు 30 లక్షల మందికి వచ్చి, లక్ష మంది చనిపోయారని అంచనా. కారణం నియాసిన్ లోపమని 1937లో గానీ తేలలేదు. మెక్సికో పల్లె ఆడవాళ్ళు మాత్రం అప్పటికి వేల ఏళ్ళుగా ఆ జబ్బు రాకుండా వంట చేస్తూనే ఉన్నారు. మన దక్కనులో జొన్న మీదే బతికిన పేదల్లో కూడా పెల్లాగ్రా ఉండేది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దాని మీద చాలా పరిశోధన చేసింది. తెలంగాణలో మక్క గటక తిన్నవాళ్ళకు ఇది పెద్దగా రాకపోతే అది పక్కన పప్పో మజ్జిగో ఉండబట్టే.

మెక్సికో రైతులు కూడా మొక్కజొన్నను ఒంటరిగా వెయ్యరు. చిక్కుడు జాతి తీగ దాని కాండాన్ని పట్టుకుని పాకుతుంది, గుమ్మడి కింద నేలను కప్పి కలుపునూ తేమ ఆరడాన్నీ ఆపుతుంది. మొక్కజొన్నలో కొరవడిన లైసిన్ అనే మాంసకృత్తి భాగం చిక్కుడు గింజలో దొరుకుతుంది. మేం మొక్కజొన్నలో కంది అంతర పంటగా సిఫారసు చేసేది ఇదే లెక్కతో.

వేరుశనగ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అనంతపురం రైతు బతుకంతా దాని మీదే గదా. ఆ మొక్క పుట్టుకే ఒక అరుదైన సంఘటన. దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతంలో రెండు వేర్వేరు అడవి జాతులు కలిసి, క్రోమోజోముల సంఖ్య రెట్టింపై, ఈ పంట వచ్చింది. ఆ రెంటిలో ఒక జాతి సహజంగా పెరిగేది బొలీవియాలో ఒకే ఒక్క చోట కనిపించింది. 2016లో అడవి వేరుశనగల జన్యు పటం వెలువడినప్పుడు తేలిందేమిటంటే, దాదాపు 10 వేల ఏళ్ళ కిందట మనుషులే ఒక జాతి గింజలను మోసుకొచ్చి రెండో జాతి ఉన్నచోట నాటి ఉండాలి. ఆ పరిశోధనలో పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా భాగస్వామి. పెరూ ఉత్తర తీరంలో సిపాన్ అనే చోట 1987లో మోచే జాతి ప్రభువు సమాధి బయటపడింది. ఆయన మెడలో ఒకవైపు బంగారంతో, మరోవైపు వెండితో చేసిన పెద్ద పెద్ద వేరుశనగ కాయల హారం ఉంది. ఒక రాజు సమాధిలో వేరుశనగ కాయను నగగా పెట్టుకున్నాడంటే ఆ పంటకు వాళ్ళిచ్చిన గౌరవం ఎంతో చూడండి.

పంట ఒకే సంఘటనలో పుట్టడం వల్ల వేరుశనగలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. ఆ ఇబ్బంది నేను పని చేస్తూ చూశాను. తిక్క ఆకుమచ్చ తెగులుకూ తుప్పు తెగులుకూ తట్టుకునే గుణం సాగు రకాల్లో వెతికితే గట్టిగా దొరకలేదు. చివరికి బొలీవియా అడవి జాతుల నుంచే ఆ గుణాన్ని సంకరం ద్వారా తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ అడవులు, వాటి పక్కన బతికే మనుషులు లేకపోతే కదిరి రైతుకు రేపు దారి ఉండదు.

మిరప, టమాటా, జామ, బొప్పాయి, సీతాఫలం, జీడిమామిడి, పొగాకు, తియ్యగుమ్మడి, పొద్దుతిరుగుడు, బంతిపువ్వు, ఇవన్నీ అక్కడివే. వరంగల్, గుంటూరు, ఆదిలాబాద్ పొలాల్లో నేడు కనిపించే పత్తిలో దాదాపు అంతా మెక్సికోలో సాగులోకి వచ్చిన జాతే. మన పాత దేశవాళీ పత్తి వేరే జాతి.

ఇప్పుడు నేల, నీళ్ళ సంగతి. ఆండీస్ పర్వతాల్లో బంగాళదుంపను టిటికాకా సరస్సు పరిసరాల్లో సాగులోకి తెచ్చారు. లీమాలోని అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం దగ్గర 4 వేలకు పైగా దేశవాళీ రకాలున్నాయి. అంత ఎత్తులో ఏ రాత్రయినా మంచు పడి పైరు మాడిపోవచ్చు. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చూస్తే ఇంజనీర్లు కూడా తల ఊపాలి. పొలాన్ని వెడల్పయిన ఎత్తు మడులుగా చేసి మధ్యలో కాలువలు తవ్వారు. పగలు ఎండకు కాలువ నీళ్ళు వేడెక్కి, రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతాయి, దాంతో పైరు మీద మంచు దెబ్బ తగ్గుతుంది. కాలువ అడుగున చేరిన బురదే ఎరువు. ఇన్కాలకు ముందు ఆ సరస్సు పక్కన వెలసిన తియవానాకు రాజ్యం కాలంలో ఇలాంటి పొలాలు విస్తారంగా ఉండేవి, తర్వాత పడావు పడ్డాయి. 1980లలో పురావస్తు శాస్త్రవేత్తలు పెరూలోని వట్టా గ్రామ రైతులతో కలిసి కొన్నిటిని పాత కొలతల్లోనే తిరిగి కట్టి బంగాళదుంప వేశారు. చుట్టుపక్కల మామూలు పొలాల కన్నా రెట్టింపుకు మించి దిగుబడి వచ్చింది.

అదే మంచును నిలవ చెయ్యడానికీ వాడారు. దుంపలను రాత్రుళ్ళు గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెడితే చూన్యో తయారవుతుంది. అయిదు కిలోల దుంప ఒక కిలో అవుతుంది, ఏళ్ళ తరబడి పాడవదు. మంచును బాగా తట్టుకునే కొన్ని రకాల్లో చేదు విషం ఉంటుంది. వాటిని వారాల తరబడి పారే నీళ్ళలో ఉంచి విషం కడిగేస్తారు. ఇన్కాల గోదాముల్లో ఈ చూన్యో, ఎండు మొక్కజొన్న, బట్టలు ఉండేవి. సైన్యానికీ వెట్టి పనికి వచ్చినవాళ్ళకూ అక్కడినుంచే తిండి పెట్టేవారు.

మెక్సికో లోయలో ఆజ్టెక్‌ల చినాంపాలు మరో పద్ధతి. లోతు తక్కువ ఉన్న సరస్సులో బురద, మొక్కల చెత్త పొరలుగా పోసి ఎత్తు మడులు లేపారు, అంచున విల్లో చెట్లు నాటి గట్టు కోసుకుపోకుండా చేశారు. బురదను పలచగా పరిచి చిన్న చిన్న దిమ్మలుగా కోసి, ఒక్కో దిమ్మలో ఒక్కో విత్తనం వేసి నారు పెంచుతారు. అంటే మనం ఇప్పుడు షేడ్‌నెట్ కింద ట్రేల్లో చేసేది. మడి ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఏడాదికి పలు పంటలు వస్తాయి. 1325లో ఒక దీవి మీద మొదలైన టెనోచ్‌టిట్లాన్ నగరం 200 ఏళ్ళలోపే దాదాపు 2 లక్షల జనాభాకు చేరిందని చాలామంది చరిత్రకారుల అంచనా. ఆ నగరానికి మంచినీళ్ళు చపుల్తెపెక్ కొండ నుంచి రెండు సమాంతర కాలువల్లో వచ్చేవి. ఒకటి శుభ్రం చేస్తున్నప్పుడు రెండోది పారుతుంది. ఉప్పునీరు మంచినీటిలో కలవకుండా సరస్సుకు అడ్డంగా పెద్ద కట్ట కట్టారు. షోచిమిల్కోలో చినాంపాలు ఇప్పటికీ సాగులో ఉన్నాయి. అక్కడ చేతిలోకి తీసుకున్న మట్టి అంత నల్లగా, గుల్లగా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

అమెజాన్ అంటే మనిషి అడుగుపెట్టని అడవి అని మనకు నేర్పారు. అది కూడా సరి కాదు. అక్కడి నేల సహజంగా బలం లేనిది. అక్కడి జనం బొగ్గు, ఎముకలు, కుండ పెంకులు, ఇంటి చెత్త కలిసిన నల్లమట్టిని తయారు చేశారు. వెయ్యి, రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా ఆ మట్టి సారం పోలేదు. ఇవాళ మన విశ్వవిద్యాలయాలు బయోచార్ (నేలలో కలిపే బొగ్గు) పేరుతో ప్రయోగాలు చేస్తున్నది దాన్ని చూసే. కర్రపెండలం సాగులోకి వచ్చింది కూడా అమెజాన్ నైరుతి అంచునే. చేదు రకాల్లో సయనైడ్ విషం ఉంటుంది. దుంపను తురిమి, పొడుగాటి అల్లిక గొట్టంలో పెట్టి రసం పిండి, పిండిని పెనం మీద వేయించి తింటారు. తూర్పు గోదావరి మెట్టలో సగ్గుబియ్యం చేసేవాళ్ళు తురమడం, పిండడం, తేర్చడం అనే ఆ వరసే యంత్రాలతో చేస్తున్నారు. బొలీవియా, ఈక్వడార్ అమెజాన్ ప్రాంతాల్లో లేజర్ సర్వేలు 2022, 2024ల్లో బయటపెట్టిన పట్టణాలు, రోడ్లు, కాలువల జాడలు చూశాక ఇక ఆ పాత మాట నిలబడదు.

ఇక మీ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి. వీటిని త్వరగా చెప్తాను, ఎందుకంటే మీకు ఎక్కడైనా దొరుకుతాయి. మాయా వాళ్ళు 20 ఆధారంగా స్థాన విలువల సంఖ్యలు రాశారు, మన సున్నాతో సంబంధం లేకుండా సొంతంగా సున్నాను వాడారు. శుక్రగ్రహం 584 రోజుల చక్రాన్ని పట్టికలుగా కట్టారు. పూర్తి స్థాయి లిపి ఉంది. 1562లో యుకటాన్‌లోని మనీ పట్టణంలో డియేగో దె లాండా అనే మతాధికారి వాళ్ళ పుస్తకాలను కుప్ప పోసి కాల్పించాడు. ప్రపంచం మొత్తం మీద మిగిలినవి నాలుగే. ఇన్కాలు 30 వేల కిలోమీటర్లకు పైగా రోడ్లు వేశారు, ముడులు వేసిన దారాల్లో లెక్కలు రాశారు. ఈక్వడార్ తీరంలోని లా తోలీతా పనివాళ్ళు 1,768 డిగ్రీల దగ్గర గానీ కరగని ప్లాటినాన్ని బంగారు పొడితో కలిపి వేడి చేసి నగలు చేశారు. యూరప్‌లో ప్లాటినంతో పని మొదలైంది 18వ శతాబ్దంలో.

చక్రం తెలియక వాడలేదని అనుకోకండి. మెక్సికోలో చక్రాలున్న మట్టి బొమ్మలు దొరికాయి. కానీ గుర్రం ఆ ఖండాల్లో సుమారు 10 వేల ఏళ్ళ కిందటే అంతరించింది, ఎద్దు ఎప్పుడూ లేదు. లామా 25, 30 కిలోలు మొయ్యగలదు గానీ బండి లాగదు. లాగే జంతువు లేని కొండదారిలో బండి ఎందుకు? మెట్ల దారి, వేలాడే గడ్డి వంతెనే అక్కడ సరైన ఇంజనీరింగ్.

పరీక్ష కోసం ఒక ముఖ్యమైన హెచ్చరిక. వీళ్ళంతా ఒకే కాలం వాళ్ళు కారు, ఒకే జాతి వాళ్ళూ కారు. పెరూలోని కరాల్ నగరం క్రీ.పూ. 2600 ప్రాంతంది, అంటే మన హరప్పాకు సమకాలీనం. మెక్సికోలోని ఓల్మెక్‌లు క్రీ.పూ. 1200 ప్రాంతం. మాయా వాళ్ళ ఉచ్చదశ క్రీ.శ. 250 నుంచి 900 వరకూ. ఆజ్టెక్‌లు, ఇన్కాలు 14, 15 శతాబ్దాల వాళ్ళు, ఒకరు మెక్సికోలో, మరొకరు పెరూలో. మాయాలను ఇన్కాలు ఓడించారని రాసిన జవాబు పత్రాల సంగతి కోచింగ్ మాస్టార్లు చెప్తుంటారు, మీరు ఆ పొరపాటు చెయ్యొద్దు.

మయాసురుడి విషయం. మన దగ్గర నుంచి మనుషులు వెళ్ళి అక్కడ నగరాలు కట్టి ఉంటే తిండి లేకుండా వెళ్ళరు. వరి, నువ్వు, అరటి, ఆవు, ఇనుప పారలో ఒక్కటైనా అక్కడ ఉండాలి. తిరిగి వస్తే మిరపో మొక్కజొన్నో ఇక్కడ ఉండాలి. 1492కి ముందు అటూ లేవు, ఇటూ లేవు. కాకతీయుల కాలంలో కూరలో కారం అంటే మిరియం, పిప్పలి. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చింది. హొయసల గుళ్ళలో విగ్రహాల చేతిలో ఉన్నది మొక్కజొన్న పొత్తని ఒక వాదం ఉంది. నేనూ సోమనాథపురం వెళ్ళి శ్రద్ధగా చూశాను. ఆ గింజల అమరిక శిల్పి అలంకారంగా చెక్కినట్టే నాకు కనిపించింది. తవ్వకాల్లో ఆ కాలపు మొక్కజొన్న కండె గానీ గింజ గానీ బయటపడితే తప్ప శిల్పం ఒక్కటే రుజువు కాదు. నిజంగా రాకపోకలు జరిగినచోట పంట సాక్ష్యం చెప్తుంది. దక్షిణ అమెరికా చిలగడదుంప కొలంబస్ కన్నా ముందే పసిఫిక్ దీవుల్లో సాగులో ఉంది, ఆ దీవుల జనంలో అమెరికా ఆదివాసుల డీఎన్ఏ జాడ కూడా దొరికింది. అక్కడ సంబంధం ఉందని అందరం ఒప్పుకుంటున్నాం. మన విషయంలో అలాంటిది లేదు. పైగా ఆ ఘనతను మయుడికి కట్టబెడితే తరాల తరబడి చేల్లో విత్తనం ఏరినవాళ్ళ కష్టాన్ని లాక్కున్నట్టవుతుంది.

అంతా స్వర్గమనీ అనుకోవద్దు. ఆజ్టెక్‌లలో నరబలి ఉంది, కప్పం కోసం చుట్టుపక్కల వాళ్ళను పీడించారు. ఇన్కాలు ఊళ్ళకు ఊళ్ళను ఒకచోటు నుంచి మరోచోటుకు తరలించారు. మాయా దక్షిణ నగరాలు 9వ శతాబ్దంలో వరస కరువులు, యుద్ధాల మధ్య ఖాళీ అయ్యాయి.

ఓటమి విషయానికి వస్తే, స్పానిష్ సేనాని కోర్టెస్ వెంట టెనోచ్‌టిట్లాన్‌ను ముట్టడించిన వాళ్ళలో అత్యధికులు త్లాక్స్‌కాలా లాంటి స్థానిక రాజ్యాల యోధులు, ఆజ్టెక్‌ల పీడన భరించలేనివాళ్ళు. 1520లో మశూచి నగరంలోకి వచ్చి రాజునే బలి తీసుకుంది. 1521 ఆగస్టులో నగరం పడిపోయింది. పెరూలో 1532లో మరో స్పానిష్ సేనాని పిజారో 168 మందితో కహమార్కా పట్టణం చేరేసరికి ఇన్కా అన్నదమ్ముల అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. మశూచి, తట్టు, ఫ్లూలకు అక్కడి జనంలో రోగనిరోధక శక్తి లేదు. తర్వాతి 100, 150 ఏళ్ళలో చాలా ప్రాంతాల్లో జనాభా పదో వంతుకు పడిపోయిందని అంచనాలున్నాయి. అంత మంది పోయాక కాలువలు పూడిపోయాయి, మెట్ల పొలాలు కూలాయి. తర్వాత వచ్చిన యాత్రికులు ఆ శిథిలాలను చూసి ఇక్కడి వాళ్ళకు ఏమీ చేతకాదని రాశారు. మీ పాఠ్యపుస్తకాల్లోకి వచ్చిన అభిప్రాయానికి మూలం అది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు కూడా ఇది చదివితే ఒక మాట. సెయింట్ లూయిస్ పక్కనే కహోకియా ఉంది, సుమారు 30 మీటర్ల ఎత్తున్న మట్టి దిబ్బ ఎక్కి చూడొచ్చు, 900 ఏళ్ళ కిందట అక్కడ పెద్ద నగరం. ఫీనిక్స్‌లో ఉన్నవాళ్ళకు వచ్చే కాలువ నీళ్ళలో కొన్ని హోహోకామ్ ఆదివాసులు ముందే తవ్విన దారుల వెంట పారుతున్నాయి. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఆ జనం అంతరించిపోలేదు. మాయా భాషలు, ఇన్కాల భాష క్వెచువా ఇప్పటికీ లక్షల ఇళ్ళలో మాట్లాడుతున్నారు, ఆ విత్తన ఎంపిక ఇప్పటికీ నడుస్తోంది. ఓహాకా కొండల్లో తొతొన్‌తెపెక్ ప్రాంతపు మిహే ఆదివాసీ రైతుల దగ్గర అయిదు మీటర్ల దాకా పెరిగే ఒక మొక్కజొన్న ఉంది. దాని కాండం మీద వేలాడే వేర్ల నుంచి తియ్యటి జిగురు కారుతుంది, అందులో ఉండే బాక్టీరియా గాలిలోంచి నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం ఆ మొక్క తనకు కావలసిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం వరకూ గాలి నుంచే తీసుకుంటోంది. యూరియా కోసం దఫదఫాలుగా లైన్లలో నిలబడే మన మక్క రైతుకు ఇదెంత పెద్ద వార్తో చెప్పనక్కర్లేదు. ఆ రకం పంటకు రావడానికి ఎక్కువ నెలలు పడుతుంది, మన ఖరీఫ్‌కు యథాతథంగా పనికిరాదు. ఆ గుణాన్ని తక్కువ కాలపు రకాల్లోకి తెచ్చే ప్రయత్నాలు సాగుతున్నాయి, లాభంలో వాటా ఆ ఊరికి చెందేలా ఒప్పందం కూడా జరిగింది.